ఫారంలో అరటాకు

ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నాకు అరటాకు చేసే పని పడింది. ఇంటికొచ్చి మా అమ్మతో ఆ మాట చెప్తే, కంప్యూటర్ చదువు చదివించింది విస్తళ్ళు కుట్టడానికా అన్నట్టు కాసేపు నా మొహంలోకి చూసింది.

మాది ఆమదాలవలస. ఆఫీసు విజయనగరంలో, ఒక సెల్‌ఫోన్ల కొట్టు మీద రెండు గదులు. పొద్దున పాసింజరులో వెళ్ళి సాయంత్రం పాసింజరులో వచ్చేదాన్ని. ఆఫీసంటే ముగ్గురమే. కొన్నాళ్ళు హైదరాబాదులో పనిచేసి, ఇక్కడే ఏదో ఒకటి పెట్టుకుందామని వచ్చేసిన మా సారు ఒకరు. పూసపాటిరేగ అవతల సముద్రపొడ్డు పల్లె నుంచి వచ్చి, ఊళ్ళో గది తీసుకుని ఉంటున్న నా స్నేహితురాలు ఒకరు. వాళ్ళ నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. స్క్రీన్ మీద కంటికి కనబడేదంతా ఆమె గీస్తుంది. దాని వెనక కోడ్ రాసేది నేను. ఇద్దరం ఒకే వారంలో చేరాం కాబట్టి మొదటి రోజు నుంచీ ఒసే అంటే ఒసే.

ఆకు అడిగినాయన చీపురుపల్లిలో పెళ్ళి భోజనాలు కాంట్రాక్టు తీసుకునే పెద్దాయన. అప్పుడప్పుడే మా వైపు అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వస్తున్నాయి. ఆయనకి ఒకటే బాధ. పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పుతుంటే ఫోన్ మోగుతుంది. పెళ్ళివాళ్ళు వంకాయ తీసేసి దొండకాయ పెట్టమంటారు. సాయంత్రం మళ్ళీ వాళ్ళ తోడల్లుడు ఫోన్ చేసి, వంకాయ ఉంచమంటాడు. అందుకని ఎవరికి కావలసింది వాళ్ళు ఫోన్‌లోనే ఎంచుకుని, ఒకేసారి తనకి పంపేలా ఒక అప్లికేషన్ చేసిపెట్టమన్నాడు.

మేం చేశాం. ఫారాలు తయారుచెయ్యడానికి ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, లైబ్రరీ అంటాం, ఒకటి వాడేవాళ్ళం. దాంట్లో వచ్చే పెట్టెలు కొన్నే: పేరు రాయడానికి ఒకటి, అంకె వెయ్యడానికి ఒకటి, తేదీకి ఒకటి, టిక్కు పెట్టడానికి ఒకటి. ఆయన వండే వంటకాలన్నీ వరసగా రాసి, ఒక్కోదాని పక్కన ఒక టిక్కు పెట్టె పెట్టాం. చాలా నీటుగా వచ్చిందనుకున్నాం.

పెద్దాయన ఆఫీసుకొచ్చి, కుర్చీలో సర్దుకుని, ఫోన్ చేతిలోకి తీసుకుని వేలితో కిందికి జరుపుతూ పోయాడు. పప్పులు దాటాడు, వేపుళ్ళు దాటాడు, పచ్చళ్ళు దాటాడు. చివరికి ఫోన్ బల్ల మీద పెట్టేశాడు.

"ఏటమ్మా ఇది, కిరాణా కొట్టు సీటీ నాగున్నాది. ఆకేదీ?" అన్నాడు.

ఏ ఆకండీ అని మా సారు అడిగాడు. అప్పుడాయన ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. పెళ్ళివాళ్ళెవరూ వంటకాల పేర్లు తల్చుకుని భోజనం ఊహించుకోరట. వాళ్ళ కళ్ళముందు ఆకు ఉంటుందట. ఇక్కడ పప్పు, అక్కడ కూర, ఈ మూల తీపి, ఆ పక్కన ఖాళీగా కనబడుతోంది కదా అక్కడేం వేస్తావు, ఇలా మాట్లాడుకుంటారట. ఫోన్‌లో కూడా ఆకు వేస్తే, జనం దాని మీదే వడ్డించుకుంటారు కదా అన్నది ఆయన ఆలోచన.

ఫారంలో అలాంటిది ఉండదండీ అని మా సారు మొదలుపెట్టాడు. ఆయన మాట పూర్తవకముందే నేను "చెయ్యొచ్చు సార్" అన్నాను. ఎలా చెయ్యాలో నాకు తెలీదు. ఆకు నా కళ్ళముందు పచ్చగా కనబడిపోయింది, అంతే. నోరు దాని దారిన అది పోయింది. పక్కన నా స్నేహితురాలు అప్పటికే కాగితం తీసింది.

ఆమె గీసిన మొదటి ఆకు చేపలా వచ్చింది. నిజంగానే. కొస తోకలా చీలింది, మధ్య ఈనె వెన్నెముకలా ఉంది. మా సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కన్నెక్కడ పెడతావమ్మా అని అడిగాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురం పని చెయ్యలేదు. ఎవరో ఒకరు నవ్వు ఆపుకునేసరికి ఇంకొకరు మొదలెట్టేవారు. ఆమె పంతం పట్టి బజారుకెళ్ళి నిజం ఆకు ఒకటి కొనుక్కొచ్చి, గోడకి టేపుతో అంటించి, దాన్ని చూస్తూ గీసింది. రెండోది ఎంత బాగా వచ్చిందంటే, నాకు ఆకలేసింది.

ఇంటికెళ్ళి మా అమ్మకి చూపించాను. ఆమె కూర తరుగుతూ తలెత్తి చూసి, "ఏటే, ఆకు తిరగేసేసేరు. కొస ఎడం సేతివేపు గదా ఉండాలి" అని మళ్ళీ తరగడంలో పడిపోయింది. ఎవరికీ తట్టలేదు ఆ సంగతి. అదేమంత పని, బొమ్మని అద్దంలోలాగా తిప్పడానికి ఒక్క లైను చాలు. మర్నాడు ఆ లైను రాశాను. ఆకు తిరిగింది. ఆకుతో పాటు దాని మీద రాసిన పేర్లూ తిరిగాయి. పప్పు, పులుసు, పెరుగు అన్నీ తిరగబడి, ఎవరికీ రాని కొత్త లిపిలో కనబడ్డాయి. నా స్నేహితురాలు చేతి అద్దం తెచ్చి స్క్రీన్ ఎదురుగా పట్టుకుని, పెళ్ళివాళ్ళకి ఫోన్‌తో పాటు తలా ఒక అద్దం పంపిద్దాం అంది. చివరికి బొమ్మని వేరుగా, అక్షరాలని వేరుగా పెట్టి సరిచేశాను.

ఇక అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఆకు ముద్దుగా ఉంది. పక్కనున్న వంటకాన్ని మౌస్‌తో పట్టుకుని లాగితే వచ్చి ఆకు మీద కూర్చుంటోంది. కానీ కింద "పంపు" నొక్కితే, అవతలికి పేరు వెళ్తోంది, తేదీ వెళ్తోంది, ఆకు వెళ్ళడం లేదు. ఎన్ని రకాలు వడ్డించినా ఖాళీయే. మేం చేసినది ఒక బొమ్మ మాత్రమే. అది కూడా తనలో ఒక భాగమని ఫారానికి తెలీదు.

ఆ లైబ్రరీ గురించి రాసిన పేజీలు లాప్‌టాప్‌లో దాచుకుని సాయంత్రం రైల్లో చదవడం మొదలుపెట్టాను. కిటికీ పక్క సీటు దొరికింది. గరివిడి దాటినా ఏమీ ఎక్కలేదు. చీపురుపల్లిలో జనం దిగారు, ఎక్కారు. ఆ తర్వాతెప్పుడో, ఒక పేరా మూడోసారి చదువుతుండగా బుర్రలో ఏదో కదిలింది. మన సొంత పెట్టెని ఫారంలో చేర్చాలంటే అది మామూలు పెట్టెల్లాగే మర్యాదగా ఉండాలి. తనకో పేరు చెప్పుకోవాలి. ఫారం ఏదైనా ఇస్తే తీసుకుని చూపించాలి. తనలో ఏదైనా మారితే, మారిందని ఫారానికి వెంటనే చెప్పాలి. అంతకంటే ఫారం ఏమీ అడగదు. లోపల ఆకు ఉందా, తామరపువ్వు ఉందా దానికి అనవసరం. మా ఆకు తనలో తాను మురిసిపోతోందే తప్ప, మారానని ఎవరికీ చెప్పడం లేదు.

ఒళ్ళో లాప్‌టాప్ ఊగుతుండగానే ఆ మూడు ముక్కలూ రాశాను. ఫారానికి ఏం తెలిసిందో కింద అక్షరాల్లో కనబడేలా పెట్టుకుని, బూరెని పట్టుకుని ఆకు మీదికి లాగాను. కింద "బూరె" అని వచ్చింది. పులిహోర లాగాను. దాని పక్కన "పులిహోర" అని వచ్చింది. బూరె తీసేశాను. పేరు పోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది. నాకు తెలీకుండానే గట్టిగా నవ్వేశానట. ఎదురుగా జామకాయల బుట్టతో కూర్చున్న ఆవిడ ముందుకి వంగింది.

"ఏటమ్మా, ఉజ్జోగవొచ్చిందా?" అంది.

ఉద్యోగం ఉంది, ఆకు పలికింది అన్నాను. ఆవిడ అదేమిటని అడగలేదు. మంచి కబురే అయి ఉంటుందని ఒక జామకాయ నా చేతిలో పెట్టింది. పొందూరు ఎప్పుడు దాటిందో చూడలేదు. ఆమదాలవలసలో దిగి ఇంటిదాకా దాదాపు గెంతుకుంటూ వెళ్ళాను.

ఆ వారంలోనే చీపురుపల్లిలో పెద్దాయన ఇంట్లో చూపించడానికి నేనూ నా స్నేహితురాలూ వెళ్ళాం. పెరట్లో రెండు పెద్ద పొయ్యిల మీద ఏదో వేగుతోంది. గరివిడి వైపు నుంచి ఒక రైతు కుటుంబం కూతురి పెళ్ళి భోజనాలు మాట్లాడుకోవడానికి వచ్చి ఉంది. చీరలు కొనడానికి బయల్దేరి, దారిలో ఇక్కడ ఆగారట. పెళ్ళికూతురు కూడా వచ్చి అరుగు చివర కూర్చుంది. పెద్దాయన ఉత్సాహం పట్టలేక మేం తెచ్చిన ఫోన్ వాళ్ళ నాన్న చేతికే ఇచ్చి, వడ్డించుకోండి బావా అన్నాడు.

ఆయన పప్పు మీద వేలు పెట్టి లాగాడు. పప్పు కదల్లేదు, పేజీ మొత్తం పైకి జారింది. మళ్ళీ లాగాడు. ఈసారి కిందికి జారింది. మేం ఆఫీసులో రోజంతా మౌస్‌తోనే లాగాం. ఫోన్ మీద వేలితో లాగడమంటే పేజీని జరపడమేనని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏడవాల్సిన సమయమే అది. కానీ ఆయన అంత శ్రద్ధగా, నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని, ఆకుని పైకీ కిందికీ తోముతుంటే నా స్నేహితురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒసే, లాగడం తీసేద్దాం. కూర మీద ఓసారి నొక్కితే సేతిలోకొస్తాది, ఆకు మీద నొక్కితే పడతాది" అని నా చెవిలో అంది.

అరుగు మీదే లాప్‌టాప్ తెరిచాం. ఆమె బొమ్మలు సర్దింది, నేను కోడ్ మార్చాను. పెద్దాయన భార్య మాకు వేడివేడి ఉల్లిపాయ పకోడీలు తెచ్చిపెట్టింది. కీబోర్డు నూనె అయిపోయింది. ఆకు లోపల ఎన్ని మార్చినా, ఫారంతో అది మాట్లాడే పద్ధతి మాత్రం ముట్టుకోనక్కర్లేకపోయింది. రైల్లో రాసిన మూడు ముక్కలూ అలాగే ఉన్నాయి. పకోడీల పళ్ళెం ఖాళీ అయ్యేసరికి కొత్త ఆకు ఫోన్‌లోకి ఎక్కింది.

ఈసారి తండ్రి జంకి, నాకొద్దన్నాడు. ఫోన్ అటూ ఇటూ తిరిగి అరుగు చివరున్న పెళ్ళికూతురి చేతికి వెళ్ళింది. అప్పటిదాకా ఆమె ఏమీ మాట్లాడలేదు, ఆమెని ఎవరూ ఏమీ అడగనూ లేదు. ఆమె బూరె మీద నొక్కింది, ఆకు మీద నొక్కింది. బూరె పడింది. ఆమె మొహం వెలిగింది. ఇంకో బూరె వేసింది. ఆ పైన ఇంకొకటి. పనసపొట్టు కూర వేసి, దాని చుట్టూ మళ్ళీ బూరెలు. వాళ్ళ నాన్న ముందే అనుకున్న వంకాయ ఆకు ఛాయలకి కూడా రాలేదు.

"ఏటమ్మా ఇది, ఆకంతా బూరెలే ఉన్నాయి" అన్నాడు తండ్రి.

"నా పెళ్ళి గదా నానా. నాకు బూరెలంటే ఇష్టం. ఇన్నాళ్ళూ అడిగితే గదా సెప్తాను" అంది ఆ పిల్ల నెమ్మదిగా.

వాళ్ళమ్మ నవ్వింది. దాంతో తండ్రి కూడా చేతులెత్తేసి, సరే పంపించెయ్ అన్నాడు. ఆమె "పంపు" నొక్కింది. లోపల వంటగదిలో గోడకి చార్జింగ్ పెట్టిన పెద్దాయన ఫోన్ టింగుమంది. ఆయన లోపలికెళ్ళి ఫోన్ పట్టుకుని, వచ్చినది వచ్చినట్టు పైకి చదువుతూ బయటికొచ్చాడు. బూరె, బూరె, బూరె, పనసపొట్టు కూర, బూరె, అల్లం పచ్చడి, బూరె. పెద్ద గొంతు ఆయనది. పెరట్లో పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళు కూడా వినడానికి గుమ్మంలోకొచ్చారు. నేనూ నా స్నేహితురాలూ చేతులు పట్టుకుని ఊపేసుకుంటున్నాం. అంతలో చదవడం ఆపి ఆయన మావైపు తిరిగాడు.

"అన్నం నేకుండా పంపేసింది. ఆకు ఒప్పీసుకున్నాదేటమ్మా?"

ఒప్పుకుంది మరి. ఒప్పుకోవద్దని మేం దానికి చెప్పలేదు. ఆఫీసుకొచ్చి ఆ నియమం పెట్టాం: అన్నం వెయ్యకపోతే ఫారం కదలదు, కింద ఎర్ర అక్షరాలు కనబడతాయి. ఆ అక్షరాల్లో ఏం రాయాలన్న దాని మీద మాత్రం సగం పూట వాదన జరిగింది. "దయచేసి అన్నమును ఎంచుకొనగలరు" అని మా సారు రాయించాడు. అది బ్యాంకు వాళ్ళు తిట్టినట్టుందని నా స్నేహితురాలు దాన్ని కొట్టేసి, "అన్నమేదమ్మా?" అని రాసింది. రెండూ పెద్దాయనకి పంపాం. ఆయన ఫోన్‌లో ఎంతసేపు నవ్వాడో. రెండోదే ఉంచమన్నాడు. మా సారు రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు తన పేరుతో ఉత్తుత్తి ఆర్డర్ ఒకటి పెట్టి, కావాలనే అన్నం మానేసి, ఆ మాట వచ్చేలా చేసి చూసుకుని మురిసిపోవడం మేం పక్క గది కిటికీలోంచి చూశాం.

పెళ్ళికి మమ్మల్ని కూడా పిలిచారు. బంతిలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నిజం ఆకులు తడితో మెరుస్తున్నాయి. వడ్డించేవాళ్ళు వస్తుంటే, నేను వెధవలా ఆకు మీద వేలితో నొక్కి చూశాను. అది చూసి నా స్నేహితురాలికి తాగుతున్న నీళ్ళు పొలమారాయి. బూరెలు అడక్కుండానే వచ్చి పడుతున్నాయి. పెళ్ళికూతురు పీటల మీద నుంచి మమ్మల్ని గుర్తుపట్టి, ఎన్ని తిన్నారని చేత్తో సైగ చేసి అడిగింది. లెక్క పెట్టలేదని నేనూ సైగ చేశాను.

సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి మెట్ల దగ్గర ఒక లేడీస్ టైలరు కూర్చుని ఉన్నాడు. ఆ పెళ్ళికే వచ్చాడట. జాకెట్టు మెడ ఎలా కావాలో ఆడవాళ్ళు మాటల్లో చెప్తే తనకి ఒక్కనాడూ సరిగ్గా అర్థం కాలేదనీ, ఫోన్‌లో మెడని వేలితో కిందికీ పక్కకీ సర్దుకునేలా చేసిపెట్టగలరా అనీ అడిగాడు. మా సారు నావైపు చూశాడు, ఈసారి నన్నే మాట్లాడనిద్దామన్నట్టు. నేను నా స్నేహితురాలి వైపు చూశాను. ఆమె అప్పటికే పెన్సిల్ చెక్కుతోంది.