ఈదన్న ముక్కు, నల్లబడే పట్టీ

గద్వాలలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తెరలను ఆవిరి యంత్రంలో శుద్ధి చేసేవాడు ఈదన్న. వాసన చూసి క్రిములు చచ్చాయో లేదో చెప్పేస్తాననేవాడు. కత్తెరల మూటలో పెట్టిన పరీక్ష పట్టీ పూర్తిగా నల్లబడ్డాకే కత్తెరలు వాడాలని నర్సు మంజుల చెబితే నవ్వేవాడు.

"డాక్టర్లు, యంత్రాలు చేసేటోళ్లు అందరు కూసొని ఒప్పుకున్న పద్ధతి, ఈదన్నా."

"మరి నన్నెందుకు పిల్వలే?"

మొన్న అతని భార్య తిమ్మక్కకే గర్భసంచి ఆపరేషన్. మూట విప్పితే పట్టీ సగమే నల్లబడి ఉంది. ఈదన్న వాసన ఊసెత్తలేదు. మూట మళ్లీ కట్టి, కొత్త పట్టీతో యంత్రంలో పెట్టాడు.

"ఇంకెంతసేపయ్యా?" స్ట్రెచర్ మీంచి తిమ్మక్క అరిచింది.

"పట్టీ మొత్తం నల్లగ కావాలె. జర ఆగు."

"ఇంట్ల అన్నం ఉడికిందో లేదో ఒక్కనాడన్న గిట్ల చూసినవా?"