అన్న మాట వినని రోజు

ప్రొక్లెయిన్ ఎక్కగానే నాగూరు చేసే పనులు రెండు. బిస్మిల్లా అనుకోవడం, ముందు అద్దాన్ని పైకెత్తి గొళ్లెం పెట్టడం. మొదటిది వాళ్లమ్మ నేర్పింది. రెండోది, బండి నడపడం నేర్పిన సమాధానం అన్న నేర్పాడు.

బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన సమాధానం ప్రొక్లెయిన్‌కు బిగించిన బ్రేకర్‌తో బండలు పగలగొడుతుంటే ఆ దర్జాయే వేరు. ఉక్కు మొన రాతిని పొడుస్తుంటే చెవి ఒగ్గి వినేవాడు.

"టంగుటంగుమంటే రాయి ఇంకా మొండికేసినట్టు. మోత బొంగురుపోయిందా, లోపల చీలినట్టే. అద్దం దించుకోని కొట్టేదంటే, అబ్బయా, చేతికి గుడ్డ చుట్టుకోని చేపల పులుసు తిన్నట్టు" అనేవాడు.

ఆ పులుసు ఎలిశబెతు వదిన పంపేది. ఇద్దరూ బండి నీడన కూర్చుని ఒకే గిన్నెలో తినేవాళ్లు. ఎంత మంచి రోజులవి! కాలం వెనక్కి నడిచేదైతే నాగూరు ముందు ఆ గిన్నె దగ్గరికే పరుగెత్తేవాడు.

తర్వాత అన్నకు ఎడమ కన్ను పోయింది. దుమ్ము పడిందన్నాడు. అందరికంటే ముందు నమ్మింది నాగూరే.

ఇప్పుడు తోటపల్లి గూడూరు వైపు తీరంలో అలలకు అడ్డంగా రాళ్లు పేర్చే పనిలో ఉన్నాడు నాగూరు. అక్కడి సేఫ్టీ మేడమ్ వినీల, బ్రేకర్ బండ్లన్నిటికీ రాయి తగిలినా పగలని మందపాటి ప్లాస్టిక్ అద్దాలు బిగించింది. గొళ్లెం లేదు, ఎత్తడానికి వీల్లేదు.

"రాయి మోత ఇనపడదు మేడమ్. చెవి లేకపోతే నేనేం ఆపరేటర్ని?"

"ఇనపడకపోతే ఇంకాసేపు కొట్టన్నా. పోయేదేముంది?"

పోయేదేమిటో ఆ పిల్లకేం తెలుసు! నాగూరు మూతి ముడుచుకుని తిరిగాడు. పొద్దున్నే చెయ్యి గొళ్లెం కోసం పైకి లేచి ఉత్తదే కిందికి దిగేది. ఒకనాడు ఇక తన వల్ల కాదని, బోల్టులు విప్పేయడానికి స్పానర్ తెచ్చుకున్నాడు. ఇంతలో టిప్పర్ డ్రైవర్ శివశంకర్ హారన్ కొట్టాడు.

"నాగూరన్నా, ఒక్క బండ పగలగొట్టు, నా లోడు నిండిపోద్ది!"

సరే, ఈ ఒక్కటీ కొట్టి విప్పుదామనుకున్నాడు. బండ చీలింది. అరచేతిలో సగమంత పెచ్చు ఎగిరొచ్చి అద్దానికి ఫట్టున కొట్టుకుంది. అద్దం పగల్లేదు. సొట్ట మాత్రం సరిగ్గా ఎడమ కంటికి ఎదురుగా పడింది. దుమ్ము పడితే కన్ను ఎర్రబడుతుందేగానీ ఊడిపోదని నాగూరుకు అప్పుడు తట్టింది. అన్న కంట్లో పడింది దుమ్ము కాదు.

సాయంత్రం ఆ పెచ్చును రుమాల్లో మూటగట్టుకుని బిట్రగుంట వెళ్లాడు. సమాధానం దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. ఇంకో చెయ్యి దానంతట అదే ఎడమ కంటి మీదికి పోయింది.

"అద్దం ఉన్నిందా?"

"ఉన్నిందన్నా."

"ఎత్తలేదు గదా నువ్వు?"

స్పానర్ సంగతి నాగూరు చెప్పలేకపోయాడు.

"లేదన్నా. నీ మాట ఇనలేదు."

ముసలాయన ఆ పెచ్చును పక్కన పెట్టి, నాగూరు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. రెండు కళ్లనూ మార్చి మార్చి చూశాడు.

"మంచిపని చేసినావు, అబ్బయా" అన్నాడు.