మాడుతున్న అన్నం కలిపిన నేరం

2011లో మా ఎల్బీనగర్ కోర్టులో విచారణల కంటే వాయిదాలే ఎక్కువ నడిచాయి. తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, మరొక రోజు లాయర్ల బహిష్కరణ. నేను తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి అప్పటికి పదిహేడేళ్లు. క్రిమినల్ లాయర్ని అంటే జనం హత్య కేసులు ఊహించుకుంటారు. నా దగ్గరకు వచ్చేవి ఇరుగుపొరుగు కొట్లాటలు, సైకిల్ దొంగతనాలు, పేకాట కేసులు. బార్ రూమ్‌లో తోటి లాయర్లు “ఏమన్నా, బెజవాడకు టికెట్ తీసుకున్నవా?” అని ఆటపట్టించేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు వెనుక బెరుకు ఉండేదని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడను.

సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో మేజిస్ట్రేటు పరీక్షలకు చదివేవాళ్లకు క్రిమినల్ లా చెప్పేవాణ్ణి. మొదటి క్లాసు ఎప్పుడూ ఒకటే. చేసిన పని ఒక్కటే నేరం కాదు, దాని వెనుక నేరం చేయాలనే మనసు కూడా ఉండాలి. ఆ మనసును మెన్స్ రియా అంటారు. వానలో పొరపాటున పక్కవాడి గొడుగు తెచ్చుకున్నవాడు దొంగ కాడని ఉదాహరణ చెప్పేవాణ్ణి. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవారు. నాకూ గర్వంగానే ఉండేది.

ఆ సెంటర్ కింది అంతస్తులో ఆడపిల్లల ప్రైవేటు హాస్టల్. అందులో వంట చేసేది ఎస్తేరు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, పెయింటింగ్ పనిచేసే భర్తతో మన్సూరాబాద్‌లో ఒక గదిలో కిరాయికి ఉండేది. ముప్పై దాటిన మనిషి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ పొయ్యికి. రెండేళ్లుగా నా మధ్యాహ్నం క్యారేజీ ఆమె చేతిదే. పప్పులో కారం ఎక్కువైతే “ఏందమ్మా ఇది, నన్ను ఆంధ్రకు పంపించేద్దామనా?” అనేవాణ్ణి. “మీ గోంగూర కంటే తక్వనే సారు” అనేది.

ఒకరోజు క్యారేజీ రాలేదు. కొన్నాళ్లకు ఎస్తేరే చేతిలో సమన్ల కాగితాలతో వచ్చింది. జరిగింది ఇది.

క్యారేజీ రాని ఆ రోజు ఉదయం బస్సులు ఆగిపోయాయి. ఆమె మన్సూరాబాద్ నుంచి నడుచుకుంటూ పనికి బయల్దేరింది. కొత్తపేట దగ్గర కాలనీ ఆడవాళ్లు రోడ్డు మధ్యలో మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారు. దాన్ని వంటా వార్పు అనేవారు. రోడ్డు మీదే వండి, అక్కడే కూర్చుని తిని, ఆ రకంగా దారి ఆపడం. ఉద్యమంలో అదొక పద్ధతి. పోలీసులు వచ్చి పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లందరినీ వ్యాన్ ఎక్కించారు. సాయంత్రానికి వదిలేసినా కేసు పెట్టారు. చట్టవిరుద్ధంగా గుమిగూడటం, దారికి అడ్డం పడటం. ఫైల్లో ఫోటో కూడా ఉంది. నడిమధ్యలో, పెద్ద గుండిగ ముందు, తెడ్డు పట్టుకుని ఎస్తేరు. ఆ ఫోటో చూస్తే ఉద్యమానికి నాయకురాలు ఆమే అనిపిస్తుంది.

“నువ్వెందుకు వెళ్లావమ్మా అక్కడికి?” అన్నాను.

“పోలే సారు. పక్కకెల్లి పోతున్న. గుండిగల అన్నం అడుగంటుతున్నది, వాసనొస్తున్నది. ఆడోళ్లందరు పాటలల్ల పడ్డరు. గంత అన్నం మాడుతుంటే చూస్కుంట ఎట్ల పోవాలె? సంచి పక్కకు పెట్టి కలియబెట్టిన. గంతే.”

నేను నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఆ మాటను ఒక కాగితం మీద రాసుకుని ఉంటే, ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు. సాయంత్రం నేను పిల్లలకు చెప్పే పాఠమంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. దారి ఆపాలన్న ఉద్దేశం ఆమెకు లేదు. ఆమె ఉద్దేశమంతా ఆ గుండిగ అడుగున ఉంది.

కానీ మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. చిన్న కేసులను మేం పెట్టీ కేసులంటాం. వాటిలో చేశాడా లేదా అని ఎవరూ పెద్దగా అడగరు. “అడ్మిట్ చేసెయ్” అంటాం. అంటే నేరం ఒప్పేసుకో, జరిమానా కట్టు, ఇంటికి పో. పోరాడితే రెండేళ్లు వాయిదాలు, ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి. లాయరుకు, కోర్టుకు, ముద్దాయికి అందరికీ అదే తేలిక. నేను వందలసార్లు ఇచ్చిన సలహా అది. దానికి తోడు, ఉద్యమం కేసులో ఆంధ్రా లాయరు నిలబడి వాదిస్తే ఎటు నుంచి ఏ మాట పడుతుందోనన్న భయం నాది. నా బెరుకును ఆమె సౌకర్యంగా మార్చి చెప్పాను.

“ఒప్పుకుంటే పేరు ఖరాబ్ కాదు గద సారు?” అని అడిగింది.

“ఏమీ కాదమ్మా. ట్రాఫిక్ చలాన్ లాంటిదే. ఒక్క పూటలో తేలిపోద్ది.”

అదే కేసులో అండాలమ్మ అని కాలనీ ఆడవాళ్లకు పెద్దదిక్కు ఒకావిడ ఉంది. కోర్టు వరండాలో ఆమెకూ ఉచితంగా అదే సలహా పారేశాను. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

“తప్పు చేసిన అని ఎందుకనాలె వకీల్ సాబ్? గాడ పొయ్యి పెట్టిందే రోడ్డు బంద్ చెయ్యనీకి. అది తప్పంటే నేనొప్ప. ఎన్ని వాయిదలైనా తిరుగుత.”

మొండి మనిషి అనుకున్నాను.

ఎస్తేరు పేరు పిలిచారు. మేజిస్ట్రేటు ఆరోపణ చదివి వినిపించి, “నేరం ఒప్పుకుంటున్నావా?” అని అడిగారు.

“పొయ్యి నేను పెట్టలే సార్. అన్నం మాడుతుంటే...”

“ఒప్పుకుంటోందండీ” అన్నాను నేను, మధ్యలో.

మేజిస్ట్రేటు తలెత్తారు. “ఆమెను చెప్పనివ్వండి.”

ఎస్తేరు నా వైపు చూసింది. నేను కళ్లతోనే సైగ చేశాను. ఆమె కొంగు సర్దుకుని, “ఒప్పుకుంటున్న సార్” అంది. జరిమానా, కోర్టు లేచేవరకు శిక్ష. అంటే ఆ రోజు కోర్టు ముగిసేదాకా వెనుక బెంచీ మీద కూర్చోవడం. ఆమె కూర్చుంది. నేను మరో కేసుకు వెళ్లిపోయాను. మర్నాటి నుంచి క్యారేజీ మామూలే. ఇద్దరం ఆ సంగతి మరిచిపోయాం.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఉద్యమం కేసులు ఎత్తేస్తూ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. అండాలమ్మ అన్న మాట ప్రకారం వాయిదాలు తిరుగుతూనే ఉంది కాబట్టి ఆమె కేసు ఇంకా నడుస్తోంది, దాన్ని ఎత్తేశారు. కోర్టు వరండాలో అందరికీ మిఠాయి పంచింది. నాకూ ఒక లడ్డూ పెట్టింది. తిన్నాను. అప్పటికీ నా బుర్రలో దీపం వెలగలేదు.

ఆ మరుసటి ఏడాది ఎస్తేరుకు ప్రభుత్వ బాలికల హాస్టల్లో వంటమనిషి ఉద్యోగం వచ్చింది. పర్మనెంట్. ఆ రోజు క్యారేజీలో సేమ్యా పాయసం పంపింది. నెల తిరక్కుండా నా ఆఫీసుకొచ్చి ఒక ఫారం నకలు, దాని మీద వచ్చిన ఉత్తరం బల్ల మీద పెట్టింది. ఉద్యోగంలో చేరే ముందు నింపే పోలీసు విచారణ ఫారం అది. ఎప్పుడైనా కోర్టు శిక్ష విధించిందా అన్న గడిలో ‘అవును’ అని ఉంది. ఉత్తరంలో ఉద్యోగం ఇవ్వలేమని ఉంది.

“అవును అని ఎందుకు రాశావమ్మా?” అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదీ!

“అబద్ధం ఎట్ల రాస్త సారు?” అని, ఉత్తరం నా వైపు జరిపి, “గా అండాలమ్మ కేసు కొట్టేసిన్రంట గద. నాది గూడ కొట్టెయ్యిమనున్రి” అంది.

నడుస్తున్న కేసునే ఎత్తేస్తారని, తీర్పయిపోయిన కేసులో ఎత్తేయడానికి ఏమీ మిగలదని చెప్పాల్సి వచ్చింది. దారి ఆపాలని పొయ్యి పెట్టినావిడకు మచ్చ లేదు. మాడకూడదని అన్నం కలిపినావిడ నేరస్థురాలు. నేరశాస్త్రంలో లేబెలింగ్ అని ఒక వాదం ఉంది. మనిషిని నేరస్థుణ్ణి చేసేది చాలాసార్లు అతని పని కాదు, దాని మీద మనం వేసే ముద్ర అని. ముద్ర పోలీసులో కోర్టులో వేస్తాయని పిల్లలకు చెప్పేవాణ్ణి. లాయరు కూడా వేయగలడని నాకు ఆ రోజు తెలిసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు రివిజన్ వేశాను. అంటే కింది కోర్టు తీర్పును సరిచూడమని పై కోర్టును అడగడం. నాలుగేళ్ల ఆలస్యానికి కారణం రాయాలి, నేరం ఎందుకు ఒప్పుకుందో రాయాలి. ‘చట్టం తెలియక, సరైన సలహా చెప్పేవారు లేక’ అని రాశాను. వేలిముద్ర మనిషి కాదు ఎస్తేరు, ఏడో తరగతి చదివింది. సంతకం పెట్టే ముందు ఇందులో ఏముందో చెప్పమంది. చెప్పాను.

“చెప్పెటోళ్లు లేకపోవుడేంది సారు? మీరు చెప్పిన్రు గద.”

“కోర్టు భాష అలాగే ఉంటుందమ్మా” అన్నాను.

ఆమె సంతకం పెట్టింది. నా సలహా వల్లే అని రాయాల్సింది. రాస్తే బార్‌లో పరువు పోతుందని, కోచింగ్‌లో పిల్లల ముందు తలెత్తుకోలేనని భయపడ్డాను. మొదటి తప్పు తొందరపాటు. ఈ రెండోదానికి ఆ పేరు కూడా పెట్టలేను.

జడ్జిగారు పాత రికార్డు తెప్పించుకున్నారు. “సలహా చెప్పేవారు లేరంటున్నారు. లాయరు సమక్షంలో ఒప్పుకున్నట్టు ఇక్కడుంది. ఎవరా లాయరు?”

“నేనేనండీ.”

హాల్లో ఎవరో దగ్గారు. జడ్జిగారు ఫైలు మూసేశారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆలస్యానికి చెప్పిన కారణం నమ్మదగ్గదిగా లేదని పిటిషన్ కొట్టేశారు. మొదటే నిజం రాసి ఉంటే వినేవారేమో. ఆ ‘ఏమో’ నన్ను ఇప్పటికీ వదల్లేదు. పైకి వెళ్దామన్నాను. హైకోర్టుకు ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. చెప్పలేనన్నాను. ఆలోగా ఆ ఉద్యోగం లిస్టులో తర్వాతి మనిషికి వెళ్లిపోయింది.

కోర్టు మెట్ల మీద క్షమించమని అడిగాను. ఆమె కోప్పడలేదు.

“గా దినం నన్ను ఒక్క మాట పూరా చెప్పనిస్తే అయిపోతుండె సారు” అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఎస్తేరు ఇప్పటికీ ఆ ప్రైవేటు హాస్టల్లోనే వండుతోంది. నా క్యారేజీ నేనే మాన్పించేశాను. ఈ కేసు తర్వాత ఎంత చిన్న కేసైనా ముద్దాయి తన మాట చివరిదాకా చెప్పేవరకు నోరు మెదపను. అడ్మిట్ చేసెయ్యమని ఎవరికీ చెప్పలేదు. ఆదాయం తగ్గింది, వాయిదాలు పెరిగాయి. అయినా అది ఎస్తేరుకు ఏ రకంగానూ పనికిరాని బుద్ధి.

మొదటి క్లాసులో గొడుగు ఉదాహరణ మానేసి, మాడుతున్న అన్నం కలిపినావిడ కథ చెబుతున్నాను. “ఆమెకు మెన్స్ రియా ఉందా?” అని అడుగుతాను. “లేదు సార్” అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. నేను బోర్డు వైపు తిరిగిపోతాను. మొన్న మాత్రం ముందు వరుసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

“అయితే ఆమెను విడుదల చేసిన్రా సార్?”

“లేదమ్మా” అన్నాను. “ఆమె లాయరు ఒప్పుకున్నాడు.”