అత్తయ్య ఒక్కరే ఉన్న ఫోటో

మావైపు పెళ్లికి వెళ్లినవాళ్లు ముందు స్టేజీ ఎక్కుతారు. వధూవరుల పక్కన నిలబడతారు. ఫోటోగ్రాఫరు చెయ్యి ఊపితే అటు చూస్తారు, లైటు వెలిగి ఆరగానే దిగి భోజనాల వైపు వెళ్లిపోతారు. ఆ ఫోటో ఏమైందో, అందులో మనం కళ్లు తెరిచి ఉన్నామో మూసి ఉన్నామో ఎవరూ అడగరు. అది పెళ్లివారి సొత్తు. నిలబడటం వరకే మన మర్యాద.

అందుకని ఓడలో మొదటిరోజు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. విశాఖపట్నంలో ఓడ ఎక్కే దారిలో బొమ్మలున్న పెద్ద తెర ఒకటి కట్టి, దాని ముందు నల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతె కెమెరాతో నిలబడి ఉంది. నిలబడమంది, నిలబడ్డాం. అటు చూడమంది, చూశాం. నేను, మా అత్తయ్య, ఏలూరులో టీచరుగా చేస్తున్న మా ఆడపడుచు. ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ కూడా అలాగే నిలబడి, అలాగే కదిలిపోయారు. పెళ్లి ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

ఈ ప్రయాణం మా ఆడపడుచు ఆలోచన. "సముద్రం గాలి తగిలితే వదిన మళ్లీ మనిషవుతుందమ్మా" అని వాళ్లమ్మతో అంటుంటే వంటింట్లోంచి విన్నాను. నాకు కోపం రాలేదు. సంతోషమూ కలగలేదు. బియ్యం కడుగుతున్నాను, కడగడం పూర్తిచేశాను.

అప్పటికి మావారు పోయి ఏడాది కాలేదు. కొల్లేరు వైపు చేపల చెరువులకు మేత సరఫరా చేసేవారు. ఒక ఉదయం చెరువు గట్టు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారు. ఇంట్లో ఫోటోలు తీసేది ఎప్పుడూ ఆయనే కాబట్టి, మా పెళ్లినాటి కుర్రమొహం తప్ప ఏ ఫోటోలోనూ ఆయన లేరు. ఉన్నవేవో ఆయన సెల్లులో ఉండాలి. దానికి వేలితో గీసే తాళం పెట్టుకున్నారు. ఆ గీత ఎటునుంచి ఎటు తిరుగుతుందో ఆయనకే తెలుసు.

చివరికి బంధువుల పెళ్లి ఆల్బంలో ఒకటి దొరికింది. తాడేపల్లిగూడెంలో స్టూడియో ఆయన దాన్ని కత్తిరించి పెద్దది చేశాడు. ఎంత కత్తిరించినా ఒక పక్క ఎవరిదో భుజం ఉండిపోయింది. లేతనీలం చొక్కా. "తీసెయ్యొచ్చండి, రేపటికిచ్చేస్తాను" అన్నాడు. రేపటిదాకా ఆగే పరిస్థితి కాదు. ఫ్లెక్సీ మీద అదే, జ్ఞాపకార్థ కూడికకు పంచిన కరపత్రం మీద అదే. తర్వాత సమాధి నల్లరాయి మీద కూడా అదే చెక్కించారు. అప్పుడైనా నేను భుజం సంగతి చెప్పి ఉండవచ్చు. నాకు తోచలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక అత్తయ్య ఆ రాయిని కొంగుతో తుడుస్తూ అనేవారు, "ఈ నీలం చొక్కా ఎవరిదో గానీ, ప్రతివారం మావాడితోపాటు ఈయనక్కూడా పూలు పడతన్నాయి."

చుట్టుపక్కల వాళ్లు నవ్వాలో వద్దో తెలియక నేల చూసేవారు. నాకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. చన్నీళ్లు తగిలినా వేణ్నీళ్లు తగిలినా చేతికి ఒకేలా ఉండేది.

ప్రార్థన మాత్రం మానలేదు. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి పంపకుండా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. అక్షరాలకంటే ముందు ఆయన నేర్పింది రాత్రి పడుకోబోయే ముందు స్తోత్రం చెప్పడం. ఆ రోజు అందినవి ఒక్కొక్కటీ తలచుకుని చెప్పాలి. ఒకసారి జ్వరంలో, మనసు కుదరడం లేదు నాన్నా, అన్నాను. "మనసు కుదిరాక చెబుతానంటే ఎప్పటికీ కుదరదమ్మా. ముందు నోటితో చెప్పు. మనసు దాని తీరిక చూసుకుని వస్తుంది" అన్నారు. అలాగే చెబుతూ వచ్చాను. ఓడలోనూ చెప్పాను. కిటికీ ఉన్న గది ఇచ్చినందుకు స్తోత్రం. అత్తయ్యకు వాంతులు కానందుకు స్తోత్రం. నోటితోనే.

అత్తయ్యకు వాంతులు ఎందుకవుతాయి? ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. నడక వచ్చేనాటికే తాటిదోనెలో తిరిగిన మనిషి. ఓడ పైఅంతస్తులో నిలబడి నాలుగువైపులా చూసి, "ఇది ఇల్లులాగుంది గానీ పడవలా లేదు. నీళ్లు చేతికందవు గదా" అన్నారు, అంతే.

రెండోరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు గొడవ మొదలైంది. మా బల్ల దగ్గర చింతలపూడి వైపు పామాయిల్ తోటలున్న రైతూ ఆయన భార్యా కూర్చునేవారు. ఆయన కుర్చీ లాక్కుంటూనే అందుకున్నాడు.

"ఆ గోడ చూశారాండీ? మనం ఎక్కేటప్పుడు తీసినవన్నీ వరసగా పెట్టేశారు. కింద ధర వేశారు. నా మొహం నాకే అమ్ముతారంటండి. ఇన్నాళ్లూ అద్దంలో ఊరికే చూసుకుంటన్నాను."

"చూసుకునేవారైతే ఆ బొత్తాం అలా ఊడిపోయి ఉండేది కాదు," అంది ఆవిడ. "ఏవండీ, ఒకటి తీసుకుందాం. పెళ్లప్పటిది తప్ప మనిద్దరం ఉన్నది ఇంకోటి లేదు."

"పెళ్లప్పటిది బానే ఉంది గదా. అందులో నాకు జుట్టుంది."

మా ఆడపడుచు ఆయన పక్షం. "సెల్లుల్లో ఇంత మంచి కెమెరాలుంటే ఇవెందుకండీ అసలు? తినేటప్పుడు కూడా వచ్చి మీద వాలిపోతున్నారు. నోట్లో ముద్ద పెట్టుకుంటుండగా తీశారు నన్ను. అది కూడా గోడ మీద ఉంది. పిల్లలు చూస్తే బళ్లో నా పరువేం కాను?"

"సెల్లయితే ఒకళ్లు తియ్యాలి, ఒకళ్లు ఉండాలి గదండీ," అంది రైతు భార్య. "ఇద్దరూ ఎప్పుడుంటారు అందులో? వీళ్లు నయం. మనం అడక్కుండానే ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టారు. ఈయన నా పక్కన నిలబడి ఎన్నాళ్లయిందో."

"నిలబడితే చాలా, డబ్బులు కూడా కట్టాలా?" అన్నాడాయన.

అత్తయ్య పెరుగన్నం కలుపుకుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. "నాకొకటి కావాలి. నేనొక్కత్తినే ఉన్నది."

"ఒక్కత్తివే ఎందుకమ్మా? ముగ్గురం కలిసి తీయించుకుందాం."

"కలిసి తీయించుకుంటే మళ్లీ కత్తిరించాలి."

రైతు చేతిలో చెంచా ఆగింది. ఆయనకు అర్థమై కాదు, మా మొహాలు చూసి. అత్తయ్యకు కావలసింది ఏమిటో నాకూ మా ఆడపడుచుకూ తెలిసింది. రేపు తన రాయి మీద ఇంకెవరి భుజమూ ఉండకూడదు. ఇంట్లో ఆవిడకున్న ఫోటో ఆధార్ కార్డుదొక్కటే. అందులో ఆవిడ ఎవరో పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా ఉంటారు.

"అన్నం దగ్గర ఆ మాటలేంటమ్మా," అంది మా ఆడపడుచు. "తీయించుకుంటే తీయించుకో. నేను రాను. ఆ ఫోటో చూడను కూడా చూడను."

అత్తయ్య నా వైపు తిరిగారు. "అమ్మాయ్, నువ్వు తీసుకెళ్తావా?"

"అలాగే అత్తయ్యా," అన్నాను. ఉప్పు అందించమన్నా అలాగే అని ఉండేదాన్ని.

ఆ సాయంత్రం పెద్ద మెట్ల దగ్గర తెర కట్టి, కుర్చీ వేసి, స్టూడియోలా చేశారు. జనం బాగా తయారై వచ్చారు. అత్తయ్య తెల్లచీర కట్టుకున్నారు, ప్రభుభోజన ఆరాధనకు కట్టుకునేది. నల్లకోటు అమ్మాయికి మన భాష రాదు. నాన్న నేర్పిన ఇంగ్లీషు నాకు చదవడానికి పనికొస్తుంది గానీ నోరు తిరగదు. "ఓన్లీ మదర్," అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, నన్ను కూడా వెళ్లి వెనక నిలబడమని చెయ్యి చూపించింది. "డాటర్ ఆల్సో, ప్లీజ్."

కూతుర్ని కాదని చెప్పలేదు. "నో. ఓన్లీ మదర్," అన్నాను మళ్లీ.

అత్తయ్య కుర్చీలో కూర్చున్నారు. కెమెరా పైకి లేవగానే ఆవిడ మొహం ఆధార్ కార్డులోకి వెళ్లిపోయింది. మెడ బిగుసుకుంది. ఆ అమ్మాయి "స్మైల్, స్మైల్" అంటోంది.

"నవ్వమంటందా?" అన్నారు అత్తయ్య పెదవులు కదపకుండా. "సమాధి మీద నవ్వుతూ ఉంటే జనం ఏమనుకుంటారు?"

"వెళ్లేటప్పుడు సంతోషంగానే వెళ్లారనుకుంటారు అత్తయ్యా."

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. అత్తయ్య ఒక్క క్షణం నన్ను చూసి, పకపకా నవ్వారు. కట్టుడుపళ్లు కదిలితే చేత్తో నొక్కుకుని మళ్లీ నవ్వారు. లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. నవ్వుకి భుజం మీది కొంగు జారింది. "అమ్మాయ్, కాస్త సర్దు," అన్నారు. వెళ్లి, వంగి సర్ది, పిన్నీసు పెట్టి, వెనక్కి వచ్చేశాను. నా పని అయింది. గదికి వచ్చాక స్తోత్రాలలో ఆ నల్లకోటు అమ్మాయిని కూడా చేర్చాను. రోజంతా అందరూ ఆ పిల్లను తిట్టుకుంటూనే ఉన్నారు, అయినా విసుక్కోకుండా నన్నూ పిలిచింది.

చెన్నైలో దిగే ఉదయం గోడ దగ్గర పెళ్లి పందిట్లో ఉన్నంత మంది ఉన్నారు. కొననే కొనమన్నవాళ్లంతా అక్కడే. చింతలపూడి రైతు చేతిలో ఒకదాని మీద ఒకటి కవర్లు ఉన్నాయి.

"మా ఆవిడ వినదండీ," అన్నాడు నన్ను చూసి.

"నేనడిగింది ఒక్కటి," అంది ఆవిడ వెనకనుంచి. "మిగతావన్నీ ఆయనొక్కడూ ఉన్నవి."

అత్తయ్య ఫోటో పైవరసలో ఉంది. నవ్వుతున్న అత్తయ్య. చుట్టూ ఖాళీ, రెండువైపులా ముదురురంగు తెర తప్ప ఏమీ లేదు. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని, ముందు మొహం చూడలేదు. కుడి అంచు చూశారు, ఎడమ అంచు చూశారు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక అప్పుడు తన మొహం చూసుకున్నారు.

"బాగుంది. చిన్న వయసుదానిలా ఉన్నాను. జనం నమ్మరేమో."

"బాగుందమ్మా," అంది వెనకనుంచి మా ఆడపడుచు. చూడనన్న మనిషి ఎప్పుడొచ్చిందో తెలియదు. ముక్కు తుడుచుకుంటూ ఆ ఫోటో గోడ మీంచి తనే తీసింది.

దాని పక్కనే ఇంకోటి ఉంది. నేను వంగి కొంగు సర్దుతున్నది. అత్తయ్య తల పైకెత్తి నన్ను చూస్తున్నారు.

"ఇందులో నువ్వున్నావు గదా," అన్నారు అత్తయ్య. "ఇది దానికి పనికిరాదు. అక్కడే ఉంచెయ్."

వాళ్లిద్దరూ డబ్బు కట్టే వరసలోకి వెళ్లారు. నేను అక్కడే నిలబడ్డాను. ఆ గోడ చివరనుంచి ఒకతను మిగిలిపోయిన ఫోటోలు తీసి డబ్బాలో వేసుకుంటూ వస్తున్నాడు. అవన్నీ ఏం చేస్తారని నా పక్కనున్న ఎవరో అడిగారు, చించి పారేస్తారట అని ఇంకెవరో చెప్పారు.

నా మొహం నేను అద్దంలో రోజూ చూసుకుంటూనే ఉన్నాను, అందులో బొట్టుబిళ్లంత మార్పు కూడా కనపడదు. ఈ ఫోటోలోది ఆ మొహం కాదు. పిన్నీసు అత్తయ్యకు గుచ్చుకుంటుందేమో అన్నట్టు కనుబొమలు దగ్గరపడి ఉన్నాయి. పెదవి చివర నవ్వు ఒకటి ఇంకా మిగిలే ఉంది. చెయ్యి ఆవిడ భుజం మీద ఎంత నెమ్మదిగా ఉందో ఫోటోలో కూడా తెలుస్తోంది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. గుర్తుచేసుకుని వెతికినా ఏమీ దొరకలేదు. కానీ ఫోటోలో ఉన్నావిడకు ఏదో అనిపిస్తోంది.

డబ్బాతో అతను దగ్గరకొచ్చేశాడు. నా చెయ్యి పైకి వెళ్లి ఆ ఫోటో తీసుకుంది. మావారు పోయాక నాకంటూ ఒక వస్తువు కావాలని తీసుకోవడం అదే మొదటిసారి. వరసలో అత్తయ్య వెనక నిలబడ్డాను. ఆవిడ నా చేతిలోది చూసి, వరసలో ఒక అడుగు ముందుకు జరిగారు.

తిరుగు ప్రయాణంలో మా ఆడపడుచు ఏలూరులో దిగిపోయింది. వాళ్లమ్మ ఫోటో ఉన్న కవరు దిగేదాకా ఒళ్లోనే పెట్టుకుంది. రైలు కదిలాక అత్తయ్య దాన్ని చీరల అడుగున పెట్టి, నావైపు చెయ్యి చాపారు.

"అదివ్వు, చూస్తాను."

ఇచ్చాను. కిటికీ వెలుగులోకి వంచి చాలాసేపు చూశారు. భీమడోలు స్టేషను వచ్చి వెళ్లిపోయింది. బయట వరిచేలు, మధ్యమధ్య చెరువులు.

"నీ మొహం ఇలా ఉండేదని మర్చిపోయాను," అన్నారు.

"నేనూ," అన్నాను.

ఆవిడ ఫోటో తిరిగి ఇచ్చారు. రాత్రి దాకా ఆగకుండా అప్పుడే స్తోత్రం చెప్పుకున్నాను, నోటితోనే. తాడేపల్లిగూడెం వచ్చింది. ముందు సంచులు దింపి, తర్వాత అత్తయ్య చెయ్యి పట్టుకుని దింపాను.