మూడోసారి అడగని కాలేజీ

కాదు, ఒక్క మాట చెప్పండి. ఒక్కసారి అడిగి, వద్దనగానే సరేనని పోవడాన్ని అడగడం అంటారా? నెల రోజులుగా ఇంట్లో ఇదే గొడవ పెడుతున్నాను. అమ్మ విని విని వంటింట్లోకి పోతుంది, నాయన డ్యూటీకి టైమైందని చెప్పులేసుకుంటాడు, ఫ్రెండ్స్ గ్రూపులో అయితే నవ్వే బొమ్మలు వస్తాయి. ఇప్పుడు ఆళ్ళగడ్డలో మా ఓబులమ్మత్త ఇంట్లో, బేతంచెర్ల బండలు పరిచిన నేల మీద వెల్లకిలా పడుకుని, అదే గొడవ నాతో నేనే పడుతున్నాను. చేతిలో ఫోన్, ఫోన్లో అమెరికా కాలేజీ పేజీ. సీటు తీసుకుంటానో లేదో చెప్పడానికి ఈ రోజే ఆఖరు. వంటింట్లో పెనం మీద ఓళిగ, అదే బొబ్బట్టు, కాలుతోంది. నెయ్యి, బెల్లం, యాలకుల పొడి కలిసి కాలే ఆ వాసన తగిలిందంటే చాలు, ఆరేళ్ళప్పుడు తొడ మీద పడిన గిల్లుడు గుర్తొస్తుంది నాకు.

మాది నంద్యాల. నాయన బస్సు డ్రైవరు. ఓబులమ్మత్త నాయనకు అక్క. ఎండాకాలం సెలవులు ఇచ్చిన మర్నాడే నన్ను ఆళ్ళగడ్డ బస్సెక్కించేవాళ్ళు. కిటికీ ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే, ఒళ్ళో బొరుగుల పొట్లం పెట్టుకుని, దారి పొడుగునా పసుపు కొమ్ములు ఆరబోసిన కళ్ళాలు, నాపరాళ్ళ లారీలు చూసుకుంటూ పోయి దిగితే, అత్త వాళ్ళ వీధి మొదట్లోనే ఉలి చప్పుళ్ళు వినిపించేవి. ఆ వీధిలో శిల్పాలు చెక్కేవాళ్ళు ఉండేవాళ్ళు. ముక్కు ఇంకా రాని దేవుళ్ళు ఆకాశం వైపు చూస్తూ పడుకుని ఉండేవాళ్ళు, చెవులు మాత్రమే పూర్తయిన ఏనుగు మీద ఎక్కి మేం పిల్లలం సవారీ చేసేవాళ్ళం, సాయంత్రానికి మా గౌన్లూ తలలూ రాతి పొడితో తెల్లగా అయిపోతే అత్త గుమ్మంలోనే నిలబెట్టి కొంగుతో దులిపేది. "వచ్చినాదిరా నంద్యాల దొరసాని, దుమ్ము మోసుకోని," అనేది, వక్కాకు నములుతూ. మధ్యాహ్నాలు బండల మీద నీళ్ళు చల్లి, ముందు ఆవిరి లేచి తర్వాత చల్లబడేదాకా ఆగి, అందరం వరుసగా పడుకునేవాళ్ళం. జొన్న రొట్టె, చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి, కుండలో మజ్జిగ. ఫోన్ లేకుండా అన్ని గంటలు ఎట్లా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే అర్థం కాదు.

ఆ గిల్లుడు పడింది పక్కూరు దొర్నిపాడులో. ఎవరో చుట్టాలింట్లో పిల్లోడి పుట్టెంట్రుకలు తీయించి వచ్చారని, పలకరించడానికి అత్త నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఆ ఇంటామె నా గడ్డం పట్టుకుని, "పాపా, ఓళిగ తింటావా?" అంది. "తింటా," అన్నాను. అంతే, పైట చాటు నుంచి అత్త చెయ్యి వచ్చి నా తొడ మెలితిప్పింది. ఓళిగ తిన్నాను గానీ ఏడుపుతో కలిపి తిన్నాను. తిరుగు బస్సులో అత్త మొదలుపెట్టింది.

"ఏమే, అడగంగానే తింటానంటావా? ఇంట్లో కూడు పెట్టలేదనుకోరా వాండ్లు?"

"ఆకలైతాండె కదత్తా."

"ఆకలి కడుపులో ఉంచుకో, నోటి మీదికి తేవాకు. మొదటిసారి వద్దనల్ల. రెండోసారి అడిగితే ఇప్పుడే తినొచ్చినామనల్ల. మూడోసారి అడిగితే, ఇంతగా అంటాండారు కాబట్టి కొంచెం పెట్టండి అనల్ల."

"మూడోసారి అడక్కపోతే?"

అత్త నన్నొక వింత జంతువును చూసినట్టు చూసింది. "అడక్కుండా యాడికి పోతారు?"

ఆ ఎండాకాలమంతా మాకు అదే ఆట. అత్త కూతురు శైల వదిన ఇంటామె, నేను చుట్టం. గిన్నెలో బొరుగులు పోసుకుని శైల వదిన వచ్చేది. నేను వద్దనాలి. తినొచ్చినానని పొట్ట నిమురుకోవాలి. మూడోసారికి, ఇష్టం లేనట్టు ముఖం పెట్టి చెయ్యి చాపాలి. ముందే చాపితే అవుట్. మూడోసారి కూడా వద్దంటే బొరుగులన్నీ వదినవే. శైల వదిన దొంగది, రెండోసారికీ మూడోసారికీ మధ్య కావాలని కథలు చెప్పేది, ఊళ్ళో సంగతులన్నీ అడిగేది, నేను నోరూరి చచ్చేదాన్ని. అయినా ఆ ఆటలో ఆరితేరాను. ఏడెనిమిదేళ్ళకే చుట్టాలింటికి పోతే, "ఓబులమ్మ మేనకోడలికి ఎంత అణకువో," అని నా ముందే చెప్పుకునేవాళ్ళు.

అది ఉత్త తిండి మర్యాద కాదని ఇంకో ఏడు తెలిసింది. వానలు సరిగా పడక ఊళ్ళో అందరికీ ఇబ్బందిగా ఉన్న సంవత్సరం అది. మధ్యాహ్నం మేం తిన్న తర్వాత బుట్టలో రెండు రొట్టెలు మిగిలాయి, అత్త ఇంకా తినలేదు. అప్పుడు దూరపు చుట్టం ఒక పెద్దాయన ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. అత్త చెంబుతో నీళ్ళిచ్చి, "కూడు తిందురు రాండప్పా," అంది. ఆయన వద్దన్నాడు. రెండోసారి అడిగింది, దారిలో తిన్నానన్నాడు. మూడోసారి అడిగింది, మజ్జిగ మాత్రం చాలన్నాడు. తాగి, మూతి తుడుచుకుని, నా తల నిమిరి పోయాడు.

"తాతకు ఆకలి లేదా అత్తా?" అన్నాను.

"ఎందుకుండదు? రొట్టెల బుట్ట సూసినాడు," అని అత్త ఆ రెండు రొట్టెలూ తెచ్చుకుని తినడానికి కూర్చుంది.

ఆ మాట చాలా ఏళ్ళు నా లోపల ఉండిపోయింది. అడిగినామెకు నిజంగా పెట్టాలని ఉంది, ఆయనకు నిజంగా ఆకలిగా ఉంది, ఇద్దరూ మాట్లాడింది మాత్రం వేరే. దాన్ని మర్యాద అనాలో అబద్ధం అనాలో ఇప్పటికీ తేల్చుకోలేను.

నంద్యాలలో ఈ లెక్క ఒక్కచోట తప్పింది. ఐదో తరగతిలో ఒక ఫ్రెండు ఇంటికి పోయాను. వాళ్ళు ఏదో పెద్ద సిటీ నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు. ఆంటీ ప్లేటులో చాక్లెట్ కేకు పెట్టుకొచ్చి, తింటావామ్మా అంది. వద్దాంటీ అన్నాను, అందంగా, తల వంచి. "సరేమ్మా," అని ఆమె ఆ ప్లేటు తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఫ్రిజ్ తలుపు మూసుకున్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆళ్ళగడ్డ పోయినప్పుడు అత్తకు చెప్తే, ఆమె జాలిపడింది. "మళ్ళా అడగలేదా? పాపం, వాండ్లింట్లో కేకు తక్కువుండిందేమో పాపా."

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన డిసెంబర్లో ఆ అమెరికా కాలేజీ అప్లికేషన్ నింపేటప్పుడు నా వేలు ఇట్లాంటి 'వద్దు' దగ్గరే ఆగింది. అమెరికాలో డిగ్రీ చదవాలని పదో తరగతి నుంచే నా పిచ్చి. మా కాలేజీలో ఎవరికీ దాని గురించి తెలియదు. సిఫారసు ఉత్తరం కావాలంటే ప్రిన్సిపల్ సార్, "నువ్వే రాసుకోని రా, సంతకం పెడతా," అన్నాడు. నేర్చుకున్నదంతా ఫోన్లోనే, గ్రూపుల్లో సీనియర్లను విసిగించి. చివర్లో ఒక చిన్న ప్రశ్న. నీ చదువుకు మా ఆర్థిక సాయం కావాలా? కింద రెండు గుండ్రాలు, అవును, కాదు. అవునంటే సీటివ్వరని ఒక సీనియర్, కాదంటే డబ్బివ్వరని ఇంకొకడు. ఇద్దరి మాటా నిజమేనని మూడో ఆమె. ఇద్దరిదీ నిజమైతే నేనేం నొక్కాలో ఆమె చెప్పలేదు.

నాయన అప్పుడే డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏందమ్మా, అట్ల సూస్తాండావ్?"

"మనకు దుడ్లు కావాల్నా అని అడుగుతాండారు నాయనా."

నాయన టీ సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఇంకా సీటే ఇయ్యకపాయె. ముందే దుడ్లడిగితే, దుడ్ల కోసరమే వచ్చినట్లుండదా? ఇప్పుడు వద్దను. సీటిచ్చినాక మన సంగతి తెలిసి వాండ్లే మళ్ళా అడుగుతారు."

"అడక్కపోతే?"

"అడక్కుండా యాడికి పోతారు?"

అక్కాతమ్ముళ్ళ గొంతు ఒకటే. ఆ ప్రశ్న కిందే చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, ఇప్పుడు కాదన్న విదేశీ విద్యార్థులు నాలుగేళ్ళలో మళ్ళీ ఎప్పుడూ సాయం అడగడానికి వీల్లేదని. చదవలేదనుకోకండి. రెండుసార్లు చదివాను. కానీ అది కూడా మేం మొదటిసారి అనే వద్దు లాంటిదే అనుకున్నాను, అనాలి కాబట్టి అంటారు, ఇంటికి వచ్చిన పిల్లను చూశాక ఎవరైనా ఆ మాట పట్టుకుని కూర్చుంటారా అనుకున్నాను. కాదు అని నొక్కాను. నొక్కినప్పుడు దొర్నిపాడులో పోగొట్టుకున్న మంచి పేరు తిరిగి వచ్చినట్టు అనిపించింది కూడా.

ఉగాది దాటాక సీటు వచ్చింది. అమ్మ నోట్లో చక్కెర పోసింది. నాయన డ్రైవర్లందరికీ టీలు తాగించాడు. వాళ్ళు మళ్ళీ అడుగుతారేమోనని నాలుగు రోజులు ఎదురుచూసి, చివరికి నేనే ఈమెయిల్ రాశాను. అందులో కూడా మొదటి పేరాలో మాకు పెద్ద ఇబ్బందేమీ లేదని రాసి, రెండో పేరాలో మా నాయన బస్సు డ్రైవరని రాశాను. మర్నాటికి జవాబు, ఎంతో మర్యాదగా, చింతిస్తున్నాం అని, ఆ చిన్న అక్షరాల వాక్యమే పెద్ద అక్షరాల్లో. మళ్ళీ రాశాను. అదే జవాబు, కింద పేరు మాత్రం వేరు. మూడోసారి ఉన్నదున్నట్టు రాశాను, మీ సాయం లేకపోతే నేను రాలేను అని. దానికి జవాబే రాలేదు.

ఆ రోజు నేను అత్తకు ఫోన్ చేసి అరిచాను. నువ్వు గిల్లకుండా ఉంటే అవునని నొక్కేదాన్ని కదా అన్నాను. అరవై దాటిన మనిషి, వేలిముద్ర తప్ప ఏ ఫారమూ ఎరగని మనిషి. నాయనను మాత్రం ఏమీ అనలేకపోయాను. అదెందుకో కూడా తెలియదు. అత్త అంతా విన్నది. "అంత దూరం నుంచి రమ్మని పిలిచి, ఒక్కసారే అడిగినారా పాపా?" అంది. ఆమె కోపం వాళ్ళ మీద. నా కోపం ఆమె మీద. నిజానికి ఎవరి మీద ఉండాలో నాకు అంతు పట్టడం లేదు. వాళ్ళు నన్ను నమ్మారు, అంతే కదా చేసింది.

పోయిన నెల నంద్యాలలో చుట్టాల పెళ్ళికి పోతే, అక్కడ బల్లల మీద వంటకాలు పెట్టి, ప్లేట్లు పేర్చి ఉన్నాయి. ఎవరికి కావాల్సింది వాళ్ళు పెట్టుకోవడమే, ఒక్కసారి కూడా అడిగే మనిషి లేడు. అత్త ఖాళీ ప్లేటు పట్టుకుని ఎవరైనా పిలుస్తారని కాసేపు నిలబడి, ఆ ప్లేటు అక్కడే పెట్టి వచ్చేసింది. బెంగళూరులో ఉన్న శైల వదిన తన కొడుకు వద్దంటే గిన్నె తీసేస్తుంది, పిల్లల మాటకు విలువివ్వాలట. ఈ వీధిలో ఉలి చప్పుళ్ళు కూడా తగ్గాయి. రాయి కోసే మిషన్ ఒకటి పొద్దున్నుంచీ కీచుమంటోంది.

వచ్చే ఏడు మళ్ళీ అప్లై చేస్తాను, అవునని నొక్కుతాను. ఈ సీటు మాత్రం వదలాలి. పేజీలో 'వద్దు' అనే బటన్ నొక్కాను. వెంటనే ఇంకో పెట్టె తెరుచుకుంది. నిజంగానే వద్దంటున్నారా?

అంటే, రెండోసారి అడగడం వాళ్ళకూ తెలుసు. నేను పోతున్నప్పుడు అడిగారు. అవునని నొక్కి, స్క్రీన్ ఆరిపోయేదాకా చూశాను. మూడో ప్రశ్న రాలేదు.

అత్త పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఓళిగ మీద నెయ్యి ఇంకా కదులుతోంది. "పాపా, ఓళిగ తింటావా?"

"పెట్టత్తా," అన్నాను.

రెండోసారి అడగడానికి తెరిచిన అత్త నోరు అట్లాగే ఉండిపోయింది. చెప్పాల్సిన మాటలన్నీ నోట్లోనే మిగిలిపోయి, ఏం చెయ్యాలో తోచనట్టు ఆమె పళ్ళేన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది, ఆ తర్వాత నా ముందు పెట్టింది. ఓళిగ బాగుంది, అబద్ధమెందుకు. కానీ కావాల్సింది మొదటిసారికే అడిగి తీసుకోవడం నేర్చుకోవాలని నాకు చెప్పేవాళ్ళంతా ఒకసారి ఇక్కడికి రండి. రెండు రొట్టెలే ఉన్నా మూడుసార్లు అడిగిన ఈ ఇంట్లో కూర్చుని, ఆమె కళ్ళలోకి చూస్తూ, మీరు మొదటిసారికే చెయ్యి చాపగలరా?