పొట్టి రెక్కల రాజావారు

మా వంశాన్ని జమీందారీ రద్దు కూల్చిందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. మిగిలిన సగం నేను కూల్చాను, అదీ ఒక గొల్లభామ సాయంతో.

అప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. జమీ పోయాక వచ్చిపడ్డ బెంగాలీల భవానీపూర్‌లో రెండు అద్దె గదులు, గోడమీద మీసాల తాతగారి పటం, దాని కింద నేనూ మా మేనత్తా. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు కదా; మాకు పల్లకీ పోయి ఈగలు మిగిలాయి. ఆ ఈగలనే మేతగా వేస్తూ, డాబామీది నిమ్మ కుండీలో దొరికిన, ముంగాళ్ళు జోడించి పురుగుల్ని వేటాడే రెండు గొల్లభామలను చెరో సీసాలో పెంచాను. ఒకటి సన్నగా, ఒళ్ళంతా కప్పే పొడుగు రెక్కలతో ఉండేది. రెండోది బలంగా, సగం వీపుకే ఆగిపోయిన రెక్కలతో, మెడ నిలబెట్టి అచ్చం పటంలోని తాతగారిలా చూసేది.

రెక్కలు వేరైతే జాతి వేరు! తలపాగా చుట్టు చూసి వంశం చెప్పే ఇంట్లో పుట్టినవాడికి ఇంకో రుజువు కావాలా? పొట్టి రెక్కలది కొత్త జాతని తేల్చి తాతగారి పేరు పెట్టేశాను; ఇంట్లో పిలుపు మాత్రం రాజావారు. వీధిలో ఎవరికీ గుర్తులేని మా పేరు ఇక శాస్త్రంలో నిలుస్తుంది!

"రాజావారు ఆరగించారా అత్తా?"

"ఆరగించినారు. ఇంకో ఈగ కావాలంతన్నారు. ఆ తిండి మాత్రం మీ తాతదే నాయినా!"

ఓ ఆదివారం మా బెంగాలీ ప్రొఫెసర్‌గారిని ఇంటికి పిలిచాను. తేడా కొట్టొచ్చినట్టు కనబడాలని రెండింటినీ ఒకే గాజుపెట్టెలో, అత్త పాత పట్టుచీర ముక్కమీద ప్రవేశపెట్టాను. కాసేపటికే పొడుగు రెక్కలవాడు ఒక్క గెంతున రాజావారి వీపెక్కాడు.

"దాడి! పరాయి జాతివాడి దాడి!" అని అరిచాను.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఆరే బాబా, దాడి కాదు, దాంపత్యం. ఇద్దరిదీ ఒకటే జాతి. మగవాడు ఎగురుతూ పిల్లను వెతుక్కోవాలి, అందుకే నిండు రెక్కలు. ఆవిడకు పొట్టివి చాలు."

"ఆవిడా?"

"ఆవిడే."

"పొరబడ్డారేమో సార్. ఆ ఠీవి చూడండి!"

సరిగ్గా అప్పుడే రాజావారు మెడ తిప్పి, మొగుడి తల కొరికారు.

"ఠీవంతే అదేరా!" అంది అత్త, తలుపు చాటునుంచి.

ప్రొఫెసర్‌గారు నవ్వలేక, నవ్వకుండా ఉండలేక, టీ తాగి వెళ్ళిపోయారు. సిగ్గుతో నేను పెట్టె మూత వేయడం మరిచాను. కొన్నాళ్ళకు పొద్దున్నే అత్త కేక:

"ఓరి నాయినోయ్, ఇలగ్రారా! మీ తాతగారు గుడ్లెట్టీసినారు!"

పటంమీద, సరిగ్గా మీసం కింద, గట్టిపడిన నురగలాంటి గుడ్ల గూడు. పక్కనే అలసిపోయిన రాజావారు.

"గోకేస్తానత్తా."

"ముట్టుకున్నావంతే చేతులిరిసేస్తాను. ఇన్నాళ్ళకి మనింట్లో ఓ పురుడొచ్చింది!"

కొన్ని వారాలకు తాతగారి మీసంలోంచి చీమలంత పిల్లలు బిలబిలమంటూ దిగాయి. ఒక్కదానికీ రెక్కల్లేవు. నా లెక్కన అది మూడో జాతి! అత్త మాత్రం మనవల్ని సాగనంపినట్టు వాటిని నిమ్మకుండీదాకా సాగనంపింది.

ఇప్పుడు అత్త లేదు. పటం ఉంది, మీసం కింద ఆ మచ్చ ఉంది. దానిమీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: రెక్కలు కొలిచి ఎవరి వంశమూ తేల్చను. ఏ ప్రాణికైనా పూర్వీకుల పేరు పెట్టేముందు, గుడ్లు పెట్టబోనని దానిచేత ఒట్టు వేయించుకుంటాను.