దేవుడి గూట్లో సన్‌స్క్రీన్ ట్యూబు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా వదిన. కింద దుకాణంలోంచి మెట్లెక్కి వచ్చి, ఫోను నా ముందు పెట్టి, మనం పూసుకునే సన్‌స్క్రీన్ ఉత్త తెల్ల రంగేనట, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అది ఆపనే ఆపదట అని చెప్పింది. వీడియోలో ఎవరో అమ్మాయి మరాఠీలో గడగడా మాట్లాడుతోంది. అందరూ కొనే క్రీమే అది. మా వీధి మందుల దుకాణంలో అద్దాల వెనక వరుసగా కనిపిస్తుంది. వదిన కూడా కాలేజీ రోజుల నుంచి అదే వాడుతోంది. "మనిద్దరం బుద్ధూలమైనం" అని నవ్వింది. ఆమెకది నవ్వుకుని మరిచిపోయే సంగతి. నాకు మాత్రం కాదు.

నాకు ఎండ పడదు. మాటవరసకు అనడం లేదు. కాసేపు ఎండలో నిలబడితే చాలు, ముఖమూ మెడా కమిలి పొక్కులు లేస్తాయి, సాయంత్రానికి జ్వరం, ఆ పైన కీళ్ళ నొప్పులు. చిన్నప్పుడే నాగపూర్ డాక్టరు ఇది పోయే జబ్బు కాదు, జాగ్రత్తతో బతకాల్సిన జబ్బు అన్నాడట. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ వేసవి తెలిసినవాళ్ళకు ఆ జాగ్రత్త ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. బడి మాన్పించారు. బాబుపేట్‌లో మా బట్టల దుకాణం మీది గదిలో, కిటికీలకు మందపాటి పరదాలు వేసి, నన్ను లోపల పెంచారు. ఆ మసక వెలుతురులో నాకు చదువు చెప్పింది మా అత్తమ్మ, అంటే నాన్నగారి అక్క.

ఆమె రాజురా దగ్గరి పల్లెలో పత్తి చేలల్లో తిరిగిన మనిషి. భర్త పోయాక, పిల్లలు లేక, మా ఇంటికి వచ్చింది. పాత పంచాంగాల మీద వేలు పెట్టించి నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి గానీ చదివేవాళ్ళు తక్కువ. మా అన్నకే రాదు. నాకు వచ్చిందంటే అది అత్తమ్మ పెట్టిన భిక్ష.

మధ్యాహ్నాలు ఆమె బట్టలు తీయడానికి మిద్దె మీదికి వెళ్ళేది. తిరిగి రాగానే, మడతలు పెట్టకముందే, రెండు అరచేతులూ నా చెంపలకు ఆనించేది.

"ఇగో బిడ్డా, నీకు ఎండ తెచ్చిన."

ఆ చేతులు వెచ్చగా, కాస్త గరుకుగా, మా ఊరి గనుల నుంచి వచ్చి మిద్దె మీద రాలే బొగ్గు నుసి వాసనతో ఉండేవి. నాకు తెలిసిన ఎండ అదొక్కటే. అది నన్నెప్పుడూ కాల్చలేదు. ఎంత దయగల దేవుడో, నాకు పడని దాన్ని పడే రూపంలో పంపించాడు అనుకునేదాన్ని. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆమె కొన్నేళ్ళ కిందట వైశాఖంలో పోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో పగలు చాలా పొడుగైపోయింది. కింద దుకాణంలో మాటలు వినిపిస్తాయి, బల్లార్‌పూర్ వైపు పోయే రైలు కూత వినిపిస్తుంది, కానీ పైన మాట్లాడేది నేనూ దేవుడూ. ఆయన తక్కువ మాట్లాడతాడు.

పిల్లలు లేని అత్తమ్మకు తద్దినం పెట్టేది మా అన్న. ఏటా వర్ధా నది ఒడ్డున పెడతాడు. పితృకార్యం మిట్టమధ్యాహ్నమే జరగాలి. పొద్దున్నే పెడదామన్నా, సాయంత్రం పెడదామన్నా శాస్త్రం ఒప్పుకోదు. నాకు ఏ పెళ్ళి చూడాలనీ, ఏ ఊరు తిరగాలనీ ఆశ లేదు. నా కోసం పగటినంతా వదులుకున్న మనిషికి నువ్వులూ నీళ్ళూ వదిలే వేళ ఒక్కసారైనా పక్కన నిలబడాలని మాత్రం ఉండేది. డాక్టరు ఈ సన్‌స్క్రీన్ రాసిచ్చి, గొడుగు, నిండు చేతుల జాకెట్టు ఉంటే కాసేపు ఫరవాలేదన్నప్పుడు నా ఆనందం ఇంతా అంతా కాదు. నిరుడు ధైర్యం చేసి బయల్దేరాను. సగం దారిలోనే ముఖం మండిపోయింది. అన్న కారు తిప్పి నన్ను ఇంట్లో దింపి, మళ్ళీ వెళ్ళేసరికి పంతులుగారు వేళ మించుతోందని కసురుకున్నారట. ఈసారి తిథి దగ్గర పడుతుంటే అన్న, ఆడోళ్ళు రాకున్నా నడుస్తది, ఇంట్లనే దండం పెట్టుకో అన్నాడు.

సరిగ్గా అప్పుడే వదిన ఈ కబురు తెచ్చింది. నిరుడు కాలింది అందుకేనన్నమాట అనుకున్నాను. క్రీమే మోసమైతే నాకిక నది లేదు.

రెండు రోజులు అదే దిగులుతో ఉండి, మూడో రోజు దీపం వెలిగిస్తుంటే ఆలోచన వచ్చింది. దుకాణంలో గల్లా పక్కన దొంగనోట్లు పట్టే నీలం దీపం ఉంది. దాంట్లోంచి వచ్చేవి అతినీలలోహిత కిరణాలేనని దాని డబ్బా మీద రాసి ఉంటుంది. దాని కింద కొత్త తెల్ల పంచె పెడితే వెన్నెల ముద్దలా మెరుస్తుంది, చిన్నప్పుడు అది మాకు ఆట. క్రీము ఆ కిరణాలను ఆపితే పంచె మెరవకూడదు కదా.

వేసవిలో మధ్యాహ్నం దుకాణం షట్టరు దించుతారు. అన్న పడుకున్నాడు. వదినను బతిమాలి కిందికి తీసుకెళ్ళాను. బయటి ఎండ షట్టరు సందుల్లోంచి గీతల్లా పడుతుంటే వాటిని తప్పుకుంటూ నడిచాను. చీరలకు వేసే పల్చటి ప్లాస్టిక్ కవరు ఒకదాన్ని సాపుగా కత్తిరించి, ఒక భాగాన్ని ఖాళీగా వదిలి, ఒక భాగం మీద నా ట్యూబులోని క్రీమూ, ఇంకో భాగం మీద వదిన ట్యూబులోదీ సమానంగా పూశాం. దాన్ని తెల్ల పంచె మీద పరిచి దీపం వేశాం.

ఖాళీ కవరు కింద పంచె తెల్లగా మెరిసింది. వదిన క్రీము కింద నల్లగా, మసి పూసినట్టు ఆరిపోయింది. నా క్రీము కింద ఒకచోట చీకటి, ఒకచోట వెలుగు. చిల్లుల గొడుగులోంచి పడ్డట్టు మెరుపు చుక్కలు చుక్కలుగా బయటికొచ్చింది.

వదిన రెండు ట్యూబులూ తిప్పి తిప్పి చూసింది. పేరు అదే, తారీఖులూ దగ్గర దగ్గరే. నాది వేలి మీద వేసుకుని చూస్తే నీళ్ళు వేరు, ముద్ద వేరు.

"నీది ఇరిగిపోయిన పాల లెక్క అయింది. ఎక్కడ వెట్టినవ్ దీన్ని?"

"దేవుని దగ్గర."

"దేవుని దగ్గర అంటే?"

"గూట్ల. దీపం పక్కన."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడం ఆమెకు ఎప్పుడూ కష్టమే. "అగో, ఆడిబిడ్డా! ట్యూబు మీదనే రాసున్నది, వేడికి దూరం ఉంచుమని. నువ్వేమో పొద్దుమాపు దీపానికి కాగవెడ్తున్నవ్. కంపెనీవాళ్ళ పాపం నీకు తగుల్తది."

మా ఇంట్లో ఏ మందు వచ్చినా ముందు దేవుడి గూట్లో పెట్టి, దండం పెట్టుకుని, అక్కడి నుంచే తీసుకోవడం అత్తమ్మ నేర్పిన పద్ధతి. మాత్రలు ఎన్నో అలాగే వాడాను, వాటికేమీ కాలేదు. నిరుటి ట్యూబునూ, దీన్నీ మాత్రం గూట్లోనే ఉంచేయడానికి ఇంకో కారణం ఉంది. అది వదినకు చెప్పలేదు. పొద్దున దీపం పెట్టాక తీసుకుంటే ట్యూబు వెచ్చగా ఉండేది. ఎండలోకి వెళ్ళకపోయినా చెంపలకు పూసుకుంటుంటే ఎవరో మిద్దె మీది నుంచి దిగి వచ్చినట్టు ఉండేది.

నేను కళ్ళు తుడుచుకోవడం చూసి వదిన నవ్వు ఆపింది. సాయంత్రం తనే వెళ్ళి కొత్త ట్యూబు తెచ్చింది. దాన్ని గూటి ముందు ఒక్క క్షణం ఉంచి, దండం పెట్టుకుని, తీసుకెళ్ళి మంచినీళ్ళ కుండ పక్కన చల్లగా పెట్టాను. దుకాణం దీపం సూర్యుడు కాదని, అది చెప్పింది సగమేనని నాకు తెలుసు. అయినా ఆ నల్లటి మచ్చను కళ్ళారా చూశాను. వదిన అన్నతో ఏం మాట్లాడిందో గానీ, తిథి నాడు అతను నా గొడుగు కూడా కారులో పెట్టాడు.

వర్ధా ఒడ్డున ఇసుక తెల్లగా మండుతోంది. మందంగా క్రీము పూసుకుని, జాకెట్టు చేతులు మణికట్ల దాకా లాక్కుని, గొడుగు కింద నిలబడ్డాను. పంతులుగారు గోత్రం అడిగారు, అన్న చెప్పాడు. పేరు అడిగినప్పుడు, ఏటా చెప్పేదే అయినా, తడబడ్డాడు. మేమంతా అత్తమ్మ అనే పిలిచాం మరి. పేరు నేను చెప్పాను. అక్కడున్నవాళ్ళలో ఆ పేరు గలామెతో పగళ్ళు గడిపినది నేనొక్కదాన్నే. అన్న నీళ్ళు వదులుతుంటే గొడుగు నీడలోంచి రెండు చేతులూ బయటికి చాపాను. ఎండ వాటి మీద పడింది. కాసేపటికి వెనక్కి తీసుకుని చెంపలకు ఆనించుకున్నాను. అవి నా చేతులే. ఎంతసేపు ఉంచుకున్నా నా చేతులే.

ముఖం కొంచెం ఎర్రబడింది, అంతే. పొక్కు లేవలేదు, జ్వరం రాలేదు. ఇంటికొచ్చాక వదిన మజ్జిగ ఇచ్చి కిందికి వెళ్ళింది. నేను పరదాలు వేసుకుని కూర్చున్నాను. గది ఎప్పటిలాగే ఉంది. నది దాకా వెళ్ళొచ్చినందుకు దేవుడికీ, వదినకూ, ఆ నీలం దీపానికీ దండం పెట్టుకున్నాను. కబురు తెచ్చి భయపెట్టినందుకు కూడా, లేకపోతే నేను ఇంకో ఏడాది ఆ వెచ్చని ట్యూబునే పట్టుకుని ఉండేదాన్ని.

ఇది చదివే మీరు ఎవరో, ఎక్కడున్నారో నాకు తెలియదు. మీ చేత ఒక చిన్న పని చేయించుకోవాలని ఉంది. ఎప్పుడైనా మిద్దె మీది నుంచి ఆరిన బట్టలు తెచ్చేటప్పుడు మీ అరచేతులు వెచ్చగా అనిపిస్తే, మా అత్తమ్మను ఒక్కసారి తలుచుకోండి.